మహాడ్ పురసభా తీర్మానము – చవదార్ తటాకోదంతము

కొంకణదేశమున సావిత్రీనదీ ప్రాంతమున మహాడ్ అను పట్టణము కలదు. శివాజీమహారాజు పట్టాభిషిక్తుడైన రాయగడదుర్గము దీనికి సమీపముననే యున్నది. పూర్వము బొంబాయి రాజధానిలో నిది కొలాబామండలమునకు జేరియుండెను. ఆ మండలమునకు 1981వ సంవత్సరమున రాయగడ మండలమని నామాంతరము గలిగినది. ఈ పట్టణమున చవదార్ తటాకమను నొక చెరువు కలదు. మహారాష్ట్రభాషలో చవదార్ అనగా రుచిగలదని యర్థము. ఈ చెరువునీటిని గూర్చి 1924 మొదలు 1937 వఱకు పదుమూడేండ్లు నడచిన వివాదము, భారతదేశమున స్థానికస్వపరిపాలన చరిత్రయందు విశేషించి పరిశీలింపదగినది. ఏలయన, ఒక పురసభ యొక న్యాయమైన తీర్మానమును గావించుటకును, ఆ తీర్మానఫలము జనుల దోసిటికి జేరుటకును నడుమ నెంత దూరము గలదో, ఆ దూరమును దాటించుటకు నెట్టివారి సమవాయము కావలసివచ్చునో, ఈ యుదంతమువలన స్పష్టముగా దెలియుచున్నది.

చెరువు ప్రాచీనమైనది. దీనిని ద్రవ్వించినవారెవరో యెవ్వరికిని దెలియదు. వర్షోదకమును, లోపలి యూటలును దీనికాధారము. నాలుగువైపుల సవర్ణుల గృహములున్నవి. చేరువనే మహమ్మదీయుల వాడయు గలదు. అంబేడ్కరు వ్రాసిన వృత్తాంతము ననుసరించి, 1869లో మహాడునకు బురపాలకసంఘ మేర్పడినప్పుడు దొరతనమువారీ చెరువును సంఘమునకు స్వాధీనపఱచిరి. నాటినుండియు నిది పురజనుల యుమ్మడిసొత్తుగా నెంచబడుచుండెను. హిందువులు, మహమ్మదీయులు, దారిన బోవు పాంథులు, తుదకు బశువులును నీ నీటిని ద్రావుట కడ్డులేకుండెను. అడ్డున్నది యొక్కరికే: అస్పృశ్యులని యెంచబడిన మహారులు, చాంభారులు మున్నగు జాతులవారికి. వీరు పరిసరగ్రామములనుండి సంతకును, గ్రామసేవకులుగా శిస్తుధనము గొనివచ్చుటకును మహాడునకు రావలసినవారే. ఎండలో నడచివచ్చి యంగడివీథిని నిలిచిన వీరికి, కనులయెదుట చెరువు నిండియున్నను గ్రుక్కెడు నీరు దొరకకుండెను. ఊరివెలుపల దమవాడలో నున్న నూతికి బోవలసినదే. అన్యమతస్థుల స్పర్శచే జెడని నీరు స్వమతస్థుల స్పర్శచే జెడుననుట యెట్టి ధర్మమో, ఈ ప్రశ్నయే వివాదమునకు మూలము.

ఈ ప్రశ్న 1924లో నాకస్మికముగా బుట్టినది కాదు. కొంకణదేశపు మహారులు కుంఫిణీ ప్రభుత్వకాలమునుండి బొంబాయి సైన్యమున గొలువుండిరి. సైన్యమునందలి పాఠశాలలలో వారికి జదువబ్బెను. ఉద్యోగవిరమణానంతరము భృతి గొనుచు స్వగ్రామములకు మరలిన యా సైనికులు, కవాతుచేసినపుడు లేని యంటు నీటికడ నేల కలిగెనని యడుగ నారంభించిరి. వారిలో మహాడ్ సమీపమున రావుడూళ్ గ్రామమున బుట్టిన గోపాలబాబా వలంగ్‌కరు ముఖ్యుడు. ఈతడు హవల్దారు పదవినుండి విరమించి, 1888లో విటాళవిధ్వంసకమను చిన్నగ్రంథమును బ్రకటించి, అందు ప్రశ్నరూపమున నస్పృశ్యతను ఖండించెను. మహారులకు సైన్యప్రవేశము నిలుపబడగా దత్పునరుద్ధరణమునకై విజ్ఞాపనపత్రమును సిద్ధపఱచెను. 1895లో నీతడు మహాడ్ తాలూకా స్థానికసంఘమున సభ్యుడుగా నియమింపబడెను. కావున స్థానికపరిపాలనాసంస్థలే తమ న్యాయమునకు ద్వారములన్న భావము, ఆ ప్రాంతపు మహారులలో నొకతరము ముందే నాటుకొనియుండెనని చెప్పవచ్చును.

1919 నాటి సంస్కరణశాసనముచే స్థానికస్వపరిపాలనశాఖ రాష్ట్రమంత్రుల వశమయ్యెను. బొంబాయి శాసనసభలో సీతారామ కేశవ బోలే యను సభ్యుడు 1923వ సంవత్సరము ఆగస్టు 4వ తేదీన నొక తీర్మానమును నెగ్గించెను. ప్రజాధనముతో గట్టబడి పోషింపబడు జలాశయములు, బావులు, ధర్మశాలలు, మఱియు బాఠశాలలు, న్యాయస్థానములు, కార్యాలయములు, వైద్యశాలలు అస్పృశ్యజాతులకును దెఱువబడవలయునని సభవారు సిఫారసు చేయుచున్నారని దాని తాత్పర్యము. సెప్టెంబరు 11వ తేదీన దొరతనమువారు శాఖాధిపతులకు, దమ యధీనమందున్న సంస్థలలో దీని నమలుపఱుపుడని యుత్తరువిచ్చిరి. ఆ తరువాత 1924వ సంవత్సరము జనవరి 5వ తేదీన మహాడ్ పురసభవారు, అస్పృశ్యులు చెరువును వాడుకొనుటకు సంఘమున కభ్యంతరము లేదని తీర్మానించిరి. ఈ విషయమున మహాడ్ సంఘము తక్కిన యనేక సంఘములకంటె ముందుండెననుట నిజము. చాలచోట్ల పురసభలు మౌనము వహించుటచేతనే, 1926లో బోలే మరల దీర్మానము దెచ్చి, సిఫారసును బాటింపని సంఘములకు సహాయద్రవ్యము నిలుపవలయునని కోరవలసివచ్చెను.

ఇచట నీ మూడు వాక్యముల స్వరూపమును వ్యాకరణదృష్టితో నొకింత పరికించుట యావశ్యకము. లిఙ్లకారమునకు విధి, నిమంత్రణము, ఆమంత్రణము మున్నగు నర్థములను బాణినీయులు వేఱువేఱుగా బరిగణించిరి. విధి యనగా బ్రేరణము. నిమంత్రణము చేయకున్న దోషమాపాదించు నియోగము. ఆమంత్రణము చేయుటయు మానుటయు నియుక్తుని యిచ్ఛకు వదలిన పలుకు. అతిసర్గమని మఱియొకటి గలదు. అది కామచారాభ్యనుజ్ఞ, అనగా నిష్టమున్న జేసికొమ్మను సమ్మతి. శాసనసభ పలికినది సిఫారసు. దొరతనము తన శాఖలకు బంపినది నియోగమే కాని, ప్రజలచే నెన్నుకొనబడిన సంఘములయెడ నది ప్రేరణమాత్రమై నిలిచెను. పురసభ పలికినది కేవలము నతిసర్గము. అభ్యంతరము లేదన్న వాక్యమున ద్రాగువానికి రక్షణ లేదు. అడ్డుకొనువానికి నిషేధము లేదు. వాక్యము పైనుండి క్రిందికి దిగుకొలది దాని బలము సన్నగిలుచు వచ్చెను. ప్రజాసంస్థల తీర్మానములను జదువునపుడు వాని సదుద్దేశమును మాత్రమే కాక, క్రియాపదము నేయర్థమున బ్రయోగించిరో కూడ జూడవలయుననుట కిది మంచి నిదర్శనము.

అనుకొన్నట్లే మూడేండ్లు గడచినను మహారుడొక్కడును జెరువు మెట్లు దిగలేదు. దిగిన నేమగునో వారికి దెలియును. గ్రామమున బని దొరకదు, కోమటి ధాన్యమమ్మడు, పొలము చేజాఱును. తీర్మానమునకు బ్రాణము పోయుటకు వేఱొక శక్తి కావలసివచ్చెను. ఆ శక్తి యొకే కులమునుండి గాని, యొకే నాయకుని నుండి గాని రాలేదు. 1924వ సంవత్సరము జూలై 20వ తేదీన బొంబాయిలో బహిష్కృతహితకారిణీసభ స్థాపింపబడెను. విదేశములలో విద్యనభ్యసించి వచ్చిన భీమరావు రామజీ అంబేడ్కరు దానికి బ్రాణభూతుడు. మహాడ్ ప్రాంతీయుడగు రామచంద్ర బాబాజీ మోరే యను యువకుడు గ్రామగ్రామమున దిరిగి సభకు జనులను సమకూర్చెను. పురపాలకసంఘాధ్యక్షుడు సురేంద్రనాథ గోవింద టిపణీసు, అనంతరావు చిత్రే యను వారిరువురును గాయస్థప్రభువులు. సాంఘికసేవాసంఘమున బనిచేయుచుండిన గంగాధర నీలకంఠ సహస్రబుద్ధే బ్రాహ్మణుడు. భృతిగొను ముదుసలి సైనికులు, మిల్లుకూలీలు, గ్రామసేవకులు, విద్యార్థులు వీరికి దోడైరి. పాలించు సభలోని వాడొకడు, ఆ సభ వాకిట నిలువనోచనివాడొకడు, ఒకే కార్యమునకు గలిసి పూనుకొనుట యీ యుదంతమునందలి విశేషము.

1927వ సంవత్సరము మార్చి 19, 20 తేదీలయందు మహాడులో గొలాబామండల బహిష్కృతపరిషత్తు జరిగెను. మండలము నలుమూలలనుండి వేలకొలది ప్రతినిధులు కాలినడకను వచ్చిరి. సభికుల దాహమునకై నిర్వాహకులు సవర్ణులకడ 40 రూపాయల నీటిని గొనవలసివచ్చెను. జలాశయము ప్రజలదని తీర్మానించిన యూరిలో ద్రాగునీరు వెలకు గొనుట కంటె నా తీర్మానమునకు వేఱు వ్యాఖ్యానము వలదు. మొదటినాడు అంబేడ్కరు తన యధ్యక్షోపన్యాసమున బరులను నిందించుటకంటె స్వజనమును మందలించుటకే యెక్కువ చోటిచ్చెను. చచ్చిన పశువుమాంసము తినుట మానుడు, యెంగిలికూటికై చేయిచాపకుడు, పిల్లలను బడికంపుడు, సేద్యమునకు భూమి సంపాదింపుడని బోధించెను. బోలే తీర్మానము నమలుపఱుపవలసినదని సభవారు కోరిరి.

రెండవనాటి యుదయమున సభ ముగియవచ్చుచుండగా చిత్రే లేచి, ఈ పరిషత్తు చేయవలసిన ముఖ్యకార్యము మిగిలియేయున్నదని, చెరువు చేరువనే కలదని గుర్తుచేసెను. అంతట బ్రతినిధులు బారులుతీరి నగరవీథులగుండ శాంతముగా నడచి చవదార్ తటాకమును జేరిరి. అంబేడ్కరు ముందుగా మెట్లుదిగి దోసిట నీటిని బుచ్చుకొని త్రాగెను. తక్కినవారు తరువాత ద్రాగిరి. జరిగినదంతయు నింతియే. మూడేండ్లుగా బుస్తకములో నున్న తీర్మానము నాడు మొదటిసారి ప్రయోగమునకు వచ్చెను. శబ్దమునకు సాధుత్వము శాస్త్రమున సిద్ధించినను, లోకము దానిని బలికినగాని భాషలో నిలువదు. హక్కు విషయమున నిట్లేయైనది.

వారు మరలిపోయిన కొలదిసేపటికే, అస్పృశ్యులు వీరేశ్వరాలయమున గూడ బ్రవేశింపబోవుచున్నారని పురమున వదంతి పుట్టెను. అది యసత్యము. అయినను నొక గుంపు కఱ్ఱలతో బందిరిమీద బడి, భోజనము చేయుచున్నవారిని, ఇండ్లకు బోవుటకు మూటలు గట్టుకొనుచున్నవారిని గొట్టెను. దారుల వెంట నొంటిగా బోవువారును గొట్టబడిరి. కొందఱు మహమ్మదీయుల గృహములలో దలదాచుకొనిరి. దెబ్బతిన్న పక్షమున బూర్వసైనికు లనేకులుండిరి. అంబేడ్కరు మాటయిచ్చిన బ్రతీకారము నిమిషములో జరిగియుండును. ఆయన వారిని వారించి, రక్షకభటులకును న్యాయస్థానమునకును ఫిర్యాదుచేయుటయే మార్గమని నిలిపెను. తరువాతి విచారణలో ముట్టడించినవారిలో గొందఱికి గారాగారశిక్ష పడెను. కొట్టినవారికి గాక, కొట్టబడియు జేయెత్తనివారికే యానాటి గౌరవము దక్కవలసియున్నది.

పిదప సవర్ణులు చెరువునకు శుద్ధికర్మ గావించిరి. గోమయము, గోమూత్రము, క్షీరము, దధి కలిపిన 108 కడవల నీటిని, మంత్రపూర్వకముగా దటాకమున గ్రుమ్మరించి, జలము పవిత్రమైనదని ప్రకటించిరి. అంతకంటె గంభీరమైన విషయ మాగస్టునెలలో జరిగెను. 1927 ఆగస్టు 4వ తేదీన బురసభవారు తమ 1924 నాటి తీర్మానమును రద్దుచేసిరి. బోలే తీర్మానము పుట్టినదియు నాగస్టు 4వ తేదీయే. సరిగా నాలుగేండ్లకు మహాడులో దాని ఫలము తొలగిపోయెను. అభ్యనుజ్ఞయొసగినవాడు దానిని మరల దీసికొనవచ్చును. హక్కైనచో నట్లు కాదు. ఎన్నుకొనబడిన సభ తన న్యాయమును దానే త్రోసిపుచ్చుటకు గారణము, ఓటుగలవారు చెరువుగట్టున నుండుటయు, నీరులేనివారు ఓటు లేకుండుటయు నని వేఱుగ జెప్పనక్కఱలేదు. పురసభాధ్యక్షుని యభిమానముమీద నాధారపడిన న్యాయము, సభలోని సంఖ్యాబలము మాఱినతోడనే కూలిపోయెనని యిచట గ్రహింపవలయును.

ఈ నడుమ 1927 ఏప్రిల్ 3వ తేదీన అంబేడ్కరు బహిష్కృతభారతమను పక్షపత్రికను స్థాపించి, ఈ వివాదమునందలి ధర్మాధర్మములను మహారాష్ట్రభాషలో జర్చించుచుండెను. తీర్మానము రద్దగుటచే సమస్య పురసభచేతి నుండి జారి ప్రజలచేతికి వచ్చినట్లయ్యెను. డిసెంబరునెలలో మరల మహాడుననే పరిషత్తు గూర్చి, సత్యాగ్రహముచే నీటిహక్కును నిలువబెట్టుకొందుమని వారు ప్రకటించిరి. అది విని సవర్ణులలో గొందఱు డిసెంబరు 12వ తేదీన మహాడ్ న్యాయస్థానమున దావా వేసిరి. ఆ చెరువు చౌధరీ తటాకమను పేరుగలదనియు, స్వకీయద్రవ్యము వంటిదనియు, అనాదికాలమునుండి స్పృశ్యులే దానిని వాడుకొనుచున్నారనియు వారి వాదము. 14వ తేదీన న్యాయస్థానమువారు తాత్కాలిక నిషేధాజ్ఞ నొసగిరి. చవదార్ అను విశేషణమును చౌధరీ యను గృహనామముగా మార్చుటచే బ్రజలసొత్తు గృహస్థుల సొత్తయ్యెను. పదమొక్కటి మాఱిన స్వత్వమే మాఱునని వాదించినవా రీ వ్యాజ్యము వేసినవారు.

డిసెంబరు 25వ తేదీన బ్రతినిధులు మహాడునకు జేరిరి. బొంబాయినుండి బయలుదేరినవారు సముద్రమార్గమున దాస్‌గావ్ రేవున దిగి, అటనుండి కాలినడకను వచ్చిరి. సభకు స్థలమిచ్చుటకు హిందువుడొక్కడును ముందుకు రాలేదు. ఒక మహమ్మదీయగృహస్థుని భూమిలో బందిరి వేయబడెను. వర్తకులు సరకులమ్మరని యెఱిగి నిర్వాహకులు ధాన్యాదులను వెలుపలినుండియే సమకూర్చుకొనిరి. ఆ దినమున అంబేడ్కరు గావించిన యుపన్యాసమున, ఈ పరిషత్తు 1789లో ఫ్రాన్సుదేశపు వెర్సేల్స్ నగరమున గూడిన ప్రజాసభతో బోల్పబడెను. నీరు త్రాగినందున దామమరులము కాబోమనియు, మనుష్యులందఱు సమానులని స్థాపించుటకే చెరువుకడకు బోవుచున్నామనియు నాయన తాత్పర్యము.

ఆ రాత్రియే మనుస్మృతి దహింపబడెను. తీర్మానమును బ్రతిపాదించినవాడు బ్రాహ్మణవంశజుడగు సహస్రబుద్ధే, బలపఱచినవాడు రాజభోజ్. ఈ చర్య పండితలోకమునకు గటువుగా దోచుట సహజము. మేధాతిథి, కుల్లూకుడు మున్నగు మహాపండితులు వ్యాఖ్యానించిన గ్రంథమది. కాని యిచట రెండంశములు విడిగా బరిశీలింపవలయును. మొదటిది: 1794లో విలియం జోన్సు పండితుని యాంగ్లానువాదము వెలువడిన పిమ్మట మనుస్మృతి, అనేకస్మృతులలో నొకటిగా గాక, హిందువుల ధర్మసంహితయన్న ప్రఖ్యాతిని న్యాయస్థానములయందు బొందెను. దేశకాలభేదములను బట్టి పండితులు సమన్వయించుకొనుచు వచ్చిన గ్రంథము శాసనమువలె నిశ్చలమయ్యెను. దహించినవారు తమ దాహమున కడ్డువచ్చిన యా యధికారమును దహించిరి. మేధాతిథి పాండిత్యమును గాదు. రెండవది: అర్థకామములు ధర్మవిరుద్ధములైన త్యజింపవలయుననియు, ధర్మమని చెప్పబడినదియైనను నసుఖమునకు దారితీసి, లోకము చేత నాక్రోశింపబడునదైనచో దానినిగూడ ద్యజింపవలయుననియు మనుస్మృతియే చతుర్థాధ్యాయమున జెప్పుచున్నది. వేలకొలది జనులు చెరువుగట్టున నిలిచి యాక్రోశించుట కంటె లోకాక్రోశమునకు వేఱు లక్ష్యము దుర్లభము. ఈ వాక్యము నధ్యయనము చేసినవారు దానిని దమ యూరి బావికడ స్మరించియుండినచో, ఆ గ్రంథమునకు మహాడ్ మంటలు దప్పియుండునని చెప్పుట సాహసము కాదు.

మఱునాడు సత్యాగ్రహమును గూర్చి తీవ్రమైన చర్చ జరిగెను. నిషేధాజ్ఞ నుల్లంఘించి కారాగారమునకు బోవుటకు 3,884 మంది తమ పేరులిచ్చిరి. జిల్లాకలెక్టరు సభకువచ్చి, న్యాయస్థానాజ్ఞను మన్నింపుడని కోరెను. ఉత్సాహము మిన్నంటియుండ, అంబేడ్కరు మాత్రము విరమణనే యుపదేశించెను. దొరతనమువారు తమకు బ్రతికూలముగ నిలువలేదు, పోరు సవర్ణులతోడిది, చెరువు ప్రజలదని న్యాయస్థానముననే రుజువు చేయవచ్చును, కావున దీర్పువఱకు నాగుట మేలని యాయన వాదము. పేరులిచ్చినవారిలో ననేకులకిది రుచింపలేదు. తుదకు డిసెంబరు 27వ తేదీన బ్రతినిధులు చెరువుచుట్టు నూరేగి, నీటిని ముట్టకయే మరలిరి. మార్చిలో నీటిని ద్రావుటకంటె డిసెంబరులో ద్రావకుండుటకే యెక్కువ ధైర్యము కావలసివచ్చెనేమో! కూటమి చెదరక నిలిచినది యీ నిగ్రహముచేతనే. ఐనను, ఆ విరమణమునకు వెల పదేండ్ల నిరీక్షణమని మఱువరాదు.

వ్యాజ్యము మెల్లగా నడచెను. 1931లో మహాడ్ న్యాయస్థానము వాదులకు బ్రతికూలముగా దీర్పుచెప్పెను. వారు ఠాణా న్యాయస్థానమున కప్పీలుచేయగా 1933లో నదియు గొట్టివేయబడెను. తుదకు బొంబాయి హైకోర్టున, నరహరి దామోదర వైద్యునకును భీమరావు రామజీ అంబేడ్కరునకును నడుమ నడచిన యా వ్యవహారము 1937వ సంవత్సరము మార్చి 17వ తేదీన ముగిసెను. తీర్పు చెప్పిన న్యాయాధిపతి బ్రూంఫీల్డు. 1922లో అహమదాబాదున గాంధీమహాత్మునకు శిక్ష విధించిన న్యాయాధిపతి యీతడే. వాదులు చెప్పిన యనాదియాచారము నిరూపింపబడలేదని తీర్పు సారాంశము. ఈ తీర్పు పరిధి సంకుచితమైనదని గుర్తింపవలయును. అస్పృశ్యత యధర్మమని న్యాయస్థానము చెప్పలేదు. దాని కనాదిత్వము సాక్ష్యములచే సిద్ధింపలేదని మాత్రమే చెప్పినది.

ఇచట మీమాంసకుల మార్గమును బోల్చి చూడదగును. ఆంగ్లన్యాయమున నాచారము ప్రమాణము కావలయునన్న నది ప్రాచీనము, నిశ్చితము, యుక్తియుక్తమునై యుండవలయును. మీమాంసాశాస్త్రమున స్మృత్యాచారములకు శ్రుతిమూలత్వ మూహింపబడును. కాని లోభాదులైన దృష్టహేతువులు కానవచ్చినచోట నట్టి యూహ పొసగదని హేతుదర్శనాధికరణమున నిర్ణయింపబడెను. అనగా, ఆచరించువానికి గనబడు ప్రయోజనమేదైన నున్నచో, ఆ యాచారమునకు వేదము మూలమని చెప్పనక్కఱలేదు. చవదార్ తటాకము విషయమున దృష్టహేతువు కానరాదా? ఉమ్మడిధనముతో బోషింపబడు చెరువును గొందఱు తమ సొంతముగా ననుభవించుటయే యా హేతువు. బ్రూంఫీల్డు ప్రాచీనతను మాత్రము పరీక్షించెను. జైమినీయులైనచో హేతువును గూడ బరీక్షించియుందురు. మన శాస్త్రముననే యిట్టి నిశితమైన పరీక్ష యుండగా, దానిని బ్రయోగించు భారము విదేశీయన్యాయస్థానమునకు విడువబడుట శోచనీయము.

ఆంధ్రదేశమునను నిదేకాలమున నిట్టి ప్రయత్నములు సాగుచుండెను. హైదరాబాదున భాగ్యరెడ్డివర్మ 1906 నుండి స్వజనోద్ధరణమునకై కృషిచేసెను. 1917లో బెజవాడయందు నాయన యధ్యక్షతన జరిగిన మహాసభయే, పంచమశబ్దమును నిరాకరించి ఆది ఆంధ్రులన్న నామమును గైకొన్నది. 1924లో మద్రాసు శాసనసభయందు రెట్టమలై శ్రీనివాసన్ ప్రతిపాదించిన తీర్మానముచే బ్రజామార్గములు, బావులు, చెరువులు, కార్యాలయములు అందఱికిని దెఱువబడవలయునని నిర్ణయింపబడెను. నాటి మద్రాసు రాజధానిలో జేరియుండిన తెలుగుమండలములకును నది వర్తించెను. 1938లో ఎం. సి. రాజా ప్రయత్నమున నా రాజధానియందు సాంఘికానర్హతల నివారణశాసనము వెలసెను. బొంబాయియందు వలెనే యిచటను నొకే క్రమము కానవచ్చుచున్నది: ముందు సిఫారసు, పిదప శాసనము, యెల్లప్పుడును వీనికి వెనుక నడచి చూపువారు.

1950వ సంవత్సరము జనవరి 26వ తేదీనుండి యమలులోనికి వచ్చిన భారతరాజ్యాంగమున 15వ యధికరణము రెండవ ఖండము చదివినవారికి మహాడ్ స్మరణకు రాకమానదు. రాజ్యధనముచే బూర్తిగా గాని కొంతగా గాని పోషింపబడు, లేదా సర్వజనోపయోగమునకై సమర్పింపబడిన బావులు, చెరువులు, స్నానఘట్టములు, మార్గములు మున్నగువానియందు మతము, జాతి, కులము, లింగము, జన్మస్థానము కారణముగా నేపౌరునికిని నడ్డుండరాదని యందు గలదు. బోలే తీర్మానమునందలి పదార్థములే యిందును గలవు, మాఱినది క్రియాపదము. 17వ యధికరణమున నస్పృశ్యత రద్దుచేయబడెను. 1955 నాటి శాసనముచే దానిని బాటించుటకు దండనము విధింపబడెను. ఈ రాజ్యాంగ లేఖ్యరచనాసమితి కధ్యక్షుడు, 1927లో మహాడ్ చెరువున దోసిట నీరు త్రాగిన యంబేడ్కరే. సిఫారసు హక్కుగను, హక్కు దండనబలము గలదిగను బరిణమించుట కీ దేశమున ముప్పదిరెండేండ్లు పట్టెను.

ఈ చరిత్రమునుండి తేలు సారమిది. పురసభ తీర్మానము వ్యర్థమైనది కాదు. అది లేకున్న ప్రతినిధులు చెరువుకు నడచుట కాధారమే యుండెడిది కాదు, చెరువు పురసంఘమువారిదన్న వాదమును న్యాయస్థానమున నంత దృఢముగా నిలిచెడిది కాదు. కాని తీర్మానమొక్కటియే చాలినదియు గాదు. పాలకసభలో న్యాయబుద్ధిగల కొందఱు, వెలుపల గష్టమనుభవించుచున్న యనేకులు, వారిని గలుపు నాయకత్వము, పరాజయమున జెదరని నిగ్రహము, ఈ నాలుగును గూడిననాడే వాక్యమునకు నర్థక్రియ సిద్ధించెను. నేటికిని జలాశయములు, వీథులు, శ్మశానములు, పాఠశాలలు స్థానికసంఘముల పాలనముననే యున్నవి. వానిని గూర్చిన తీర్మానములును బుస్తకములలో నుండనే యున్నవి. ఆ పుస్తకములను మాత్రమే చదివినవానికి బురసభచరిత్ర సగము తెలిసినట్లు. మిగిలిన సగము, ఆ చెరువుమెట్లమీద నెవరు దిగిరో, ఎవరింకను దిగలేదో చూచిననే తెలియును.